ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి: పెద్దపేగు క్యాన్సర్ సంరక్షణలో శిక్షణ ఎక్కడ కావాలి?

బ్రిటన్‌లో మూడు ప్రాంతాలకు చెందిన 68 ఆసుపత్రుల్లో నాలుగు నెలల పాటు జరిగిన 9,223 కొలొనోస్కోపీలను, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టాన్ని (స్కోపును) పంపి పెద్దపేగు లోపలిని చూసే పరీక్షలను, ఒక్కచోట చేర్చి చూసిన పరిశీలన ఒకటి 2004లో వెలువడింది. అందులోని రెండు అంకెలను ఈ రంగంలో శిక్షణ గురించి మాట్లాడేవారు ఇప్పటికీ తలుచుకుంటారు. పరీక్ష చేస్తున్నవారిలో తమ మొదటి వంద కొలొనోస్కోపీలను అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసినవారు 17 శాతమే. స్కోపు పెద్దపేగు మొదలయ్యే చోటు దాకా, అంటే సీకమ్ దాకా చేరిందని గట్టి ఆనవాళ్లతో చెప్పగలిగిన పరీక్షలు 56.9 శాతమే. మిగతా పరీక్షల్లో పేగు మొత్తం చూశారనడానికి నిశ్చయమైన ఆధారం లేదు; అయినా ఆ రోగులందరూ పరీక్ష అయిపోయిందన్న నమ్మకంతోనే ఇంటికి వెళ్లి ఉంటారు.

2013లో అదే దేశంలో వెలువడిన జాతీయ పరిశీలనలో, 20,085 పరీక్షలకు గాను, సీకమ్ చేరిన నిష్పత్తి 92.3 శాతంగా నమోదైంది. ఈ మధ్యకాలంలో స్కోపులు కూడా కొంత మెరుగుపడ్డాయన్నది నిజమే గానీ, అసలు మార్పు శిక్షణలో వచ్చింది. శిక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి, నేర్పేవారికి ఎలా నేర్పాలో నేర్పించారు, ప్రతి అభ్యాసకుడి పరీక్షనూ పక్కన నిలబడి అంశాలవారీగా అంచనా వేసే పద్ధతి వచ్చింది. ఇంగ్లండ్‌లో 2006లో జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం మొదలైనప్పుడు, అందులో కొలొనోస్కోపీ చేయదలచినవారు ఎంత అనుభవజ్ఞులైనా సరే విడిగా పరీక్ష రాసి, చేసి చూపించి అర్హత పొందాలన్న నిబంధన పెట్టారు. ఒక నైపుణ్యాన్ని నేర్పే తీరు మారితే ఒక దేశపు అంకెలే మారతాయనడానికి వైద్యంలో ఇంత స్పష్టమైన ఉదాహరణలు ఎక్కువగా దొరకవు.

అయితే ఈ ఉదాహరణకు ఒక పరిమితి ఉంది. కొలొనోస్కోపీ గది ఈ వ్యాధి సంరక్షణలో ఒక మజిలీ మాత్రమే. దానికి ముందు కుటుంబ వైద్యుడు, నర్సు, ఆరోగ్య కార్యకర్త, ప్రయోగశాల ఉంటారు. దాని తర్వాత తీసిన కణజాలాన్ని పరిశీలించే పాథాలజిస్టు, శస్త్రచికిత్సకుడు, కీమోథెరపీ ఇచ్చే వైద్యుడు, మలం బయటికి రావడానికి పొట్టపై చేసిన రంధ్రాన్ని (స్టోమా) చూసుకోవడం నేర్పే స్టోమా నర్సు ఉంటారు. చివరికి రోగి మళ్లీ ఆ కుటుంబ వైద్యుడి దగ్గరికే తిరిగి వస్తాడు. వీరిలో ప్రతి ఒక్కరికీ తమ పని బాగానే తెలుసు. రోగి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట ఏం జరగాలన్నది మాత్రం ఎవరి పాఠ్యపుస్తకంలోనూ సరిగా లేదు. శిక్షణ కార్యక్రమాల్లో అత్యధికం ఈ అతుకులను వదిలేసి, ఎవరికి వారికి వారి విషయాన్నే మరోసారి బోధించి ముగుస్తున్నాయని నా అభిప్రాయం.

వ్యాధి ఇచ్చే గడువు

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 19 లక్షల మందికి కొత్తగా పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ నిర్ధారణ అయింది. దాదాపు 9 లక్షల మంది దానితో మరణించారు. కొత్త కేసుల్లో అన్ని క్యాన్సర్లలో మూడో స్థానం, మరణాల్లో రెండో స్థానం దీనిదే. ఇంత పెద్ద సంఖ్య వెనుక ఒక విచిత్రం ఉంది: ప్రధాన క్యాన్సర్లలో ఇంత తీరుబడిగా పెరిగేవి, పెరుగుతూ మనకు ఇంత గడువు ఇచ్చేవి తక్కువ. పేగు లోపలి పొరలో అడెనోమా అనే చిన్న కండపిలక, అంటే పాలిప్, ముందుగా పుడుతుంది. ఏపీసీ అనే జన్యువు దెబ్బతినడంతో మొదలై, తర్వాత కేఆర్ఏఎస్, ఆ తర్వాత టీపీ53 వంటి జన్యువుల్లో మార్పులు పేరుకుంటూ పోతే, సాధారణంగా పదేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ కాలంలో అది క్యాన్సర్‌గా మారుతుంది. చాలా పిలకలు అసలు ఆ దారిలో చివరిదాకా వెళ్లవు. వెళ్లేవాటిని మధ్యలోనే పట్టుకుని తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు. రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రధానంగా క్యాన్సర్‌ను తొందరగా కనిపెడుతుంది. ఇక్కడి స్క్రీనింగ్ ఆ పనితో పాటు క్యాన్సర్‌ను నివారిస్తుంది కూడా. రోగికి ఈ తేడాను రెండు మాటల్లో చెప్పగలగడం కుటుంబ వైద్యుడు నేర్చుకోవలసిన మొదటి నైపుణ్యం.

ఆహారం, అలవాట్ల సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పొగాకు, మద్యం, ఊబకాయం, కదలిక లేని జీవితం ముప్పును పెంచుతాయి. పీచు ఎక్కువగా ఉన్న ఆహారం తగ్గిస్తుంది. శుద్ధిచేసి నిల్వ ఉంచిన మాంసాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది; రోజుకు 50 గ్రాములు తింటే ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. మొదటి వర్గంలో పొగాకు కూడా ఉంది కాబట్టి రెండూ సమానంగా ప్రమాదకరమని కొందరు రోగులకు చెబుతుంటారు. ఆ వర్గీకరణ ఆధారం ఎంత గట్టిదో చెబుతుందే తప్ప ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. శిక్షణలో ఈ ఒక్క సంగతి సరిచేసినా మేలే.

మొదటి గది: ఎవరిని, ఏ పరీక్షకు, ఏ మాటలతో

స్క్రీనింగ్ అనేది ఏ లక్షణాలూ లేనివారికి. ఈ వాక్యం అందరికీ తెలిసిందే అనిపిస్తుంది, కానీ రెండు వైపులా తప్పులు జరుగుతాయి. మలంలో రక్తం పడుతోందని వచ్చిన 38 ఏళ్ల మనిషికి "స్క్రీనింగ్ వయసు రాలేదు" అని చెప్పి మొలలకు మందు రాసి పంపడం ఒక తప్పు. రక్తహీనత ఉన్న వ్యక్తికి ఐరన్ మాత్రలు ఇచ్చి, హిమోగ్లోబిన్ పెరిగింది కదా అని తృప్తిపడి, ఆ ఐరన్ ఎక్కడి నుంచి కారిపోతోందో వెతకకపోవడం మరో తప్పు. 50 ఏళ్లలోపు వారిలో ఈ క్యాన్సర్ అనేక దేశాల్లో పెరుగుతోంది. కడుపునొప్పి, మలద్వారం నుంచి రక్తస్రావం, తగ్గని విరేచనాలు, ఐరన్ లోపంతో రక్తహీనత అనే నాలుగు సంకేతాలు, ముఖ్యంగా ఒకటికి మించి కలిసి కనిపిస్తే, వయసుతో నిమిత్తం లేకుండా పరిశీలించవలసినవే. అమెరికాలో 2021లో స్క్రీనింగ్ ఆరంభ వయసును 50 నుంచి 45కు తగ్గించారు; ఐరోపా సమాఖ్య 2022 సిఫార్సు 50 నుంచి 74 మధ్యవారికి. ఏ దేశంలో ఏ వయసు గీత గీసినా, ఆ గీత లక్షణాలు లేనివారికే వర్తిస్తుంది.

ఎవరికి చేయాలో తేలాక, ఏ పరీక్ష అన్న ప్రశ్న వస్తుంది. 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ఈ విషయంలో శిక్షణకు బాగా ఉపయోగపడుతుంది. 997 మందిని మూడు గుంపులు చేశారు. కొలొనోస్కోపీ మాత్రమే చేయించుకొమ్మన్న గుంపులో 38 శాతం మంది పరీక్ష పూర్తిచేశారు. మల పరీక్ష మాత్రమే సూచించిన గుంపులో 67 శాతం, రెండింట్లో నచ్చింది ఎంచుకొమ్మన్న గుంపులో 69 శాతం పూర్తిచేశారు. కొలొనోస్కోపీయే ఉత్తమమన్నది వైద్యుల్లో చాలామంది నమ్మకం. కానీ చేయించుకోని ఉత్తమ పరీక్ష ఎవరినీ కాపాడదు. రోగికి ఏదో ఒకటి అంటగట్టకుండా, ఎంపికను అతని ముందు పెట్టి, అయినా మాట తేలిపోకుండా "చేయించుకోండి" అని స్పష్టంగా చెప్పడం ఒక సంభాషణ కళ. దాన్ని ఉపన్యాసంతో నేర్పలేం. ఒకరు రోగిగా, ఒకరు వైద్యుడిగా కూర్చుని సాధన చేయాలి.

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని వెతికే మల పరీక్షల్లో నేడు ఎక్కువగా వాడేది ఫిట్ (ఫీకల్ ఇమ్యునోకెమికల్ టెస్ట్). మనిషి రక్తంలోని గ్లోబిన్‌ను యాంటీబాడీల సాయంతో పట్టుకుంటుంది కాబట్టి రసాయన చర్యతో రక్తాన్ని గుర్తించే పాత గ్వాయక్ పరీక్షలా దీనికి మాంసం మానడం, కొన్ని కూరగాయలు మానడం వంటి పథ్యాలు అక్కర్లేదు. దీన్ని ఎలా చేయాలో రోగికి వివరించే నర్సు చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. మూత తిప్పి లాగితే చివర సన్నని గాడులున్న పుల్ల బయటికి వస్తుంది. మలం నీటిలో పడకుండా కాగితం మీదో, శుభ్రమైన పాత్రలోనో పట్టి, ఆ పుల్లతో పైభాగాన్ని నాలుగైదు చోట్ల గీకాలి; గాడులు నిండితే చాలు, ముద్దలు ముద్దలుగా తీయకూడదు; పుల్లను మళ్లీ గొట్టంలో పెట్టి మూత గట్టిగా నొక్కాలి. తర్వాత గొట్టం మీద నమూనా తీసిన తేదీ రాయాలి. ఈ తేదీ రాయడమే తరచుగా మరచిపోయే పని. తేదీ లేకపోతే నమూనా ఎన్నాళ్ల పాతదో తెలియక ప్రయోగశాల దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఎండలో ఉన్న వాహనంలోనో, కిటికీ పక్కనో గంటల తరబడి ఉంచితే హిమోగ్లోబిన్ క్షీణించి, ఉన్న రక్తం లేనట్టు చూపవచ్చు. ఈ రెండు నిమిషాల వివరణను గొట్టం చేతిలో పట్టుకుని చేసి చూపగలిగిన నర్సు పది కరపత్రాల పెట్టు.

ఇక్కడే మరో పాత అలవాటును ప్రస్తావించాలి. వైద్యుడు వేలితో పురీషనాళాన్ని పరీక్షించినప్పుడు చేతితొడుగుకు అంటిన మలాన్నే గ్వాయక్ కార్డు మీద పూసి "పరీక్ష చేశాం" అనుకోవడం చాలాకాలం సాగింది. 2005లో వెలువడిన అధ్యయనంలో ఆ ఒక్క నమూనా ముదిరిన పిలకలను, క్యాన్సర్లను పట్టుకున్నది 4.9 శాతం సందర్భాల్లోనే. ఇంటి దగ్గర ఆరు నమూనాలు తీసినప్పుడు 23.9 శాతం. అంటే గదిలో చేసిన పరీక్షలో రక్తం లేదని తేలినా దానికి అర్థం దాదాపు ఏమీ లేనట్టే. అయినా ఆ ఫలితం రోగికి ధైర్యాన్నిచ్చింది, వైద్యుడికి పని అయిపోయిందన్న భావన ఇచ్చింది. శిక్షణ కొత్తది నేర్పడంతో ఆగకూడదు, ఇలాంటివాటిని మాన్పించాలి కూడా. నేర్పడం కన్నా మాన్పించడమే కష్టం.

ఒక్కసారి చేసిన ఫిట్ పరీక్ష క్యాన్సర్లలో సుమారు 79 శాతాన్ని పట్టుకుంటుందని, క్యాన్సర్ లేనివారిలో 94 శాతం మందికి లేదనే చెబుతుందని 2014 నాటి సమగ్ర విశ్లేషణ తేల్చింది. ఈ అంకెల నుంచి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, ఫలితం నెగటివ్ వచ్చినా పరీక్షను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయాలి, ఎందుకంటే దాని బలం పదేపదే చేయడంలోనే ఉంది. రెండోది, పాజిటివ్ వస్తే తర్వాతి మెట్టు కొలొనోస్కోపీ, మరోటి కాదు. పాజిటివ్ వచ్చాక "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చేద్దాం" అని ఫిట్ మళ్లీ చేయించడం, రెండోది నెగటివ్ వస్తే ఊపిరి పీల్చుకోవడం ఈ రంగంలో అత్యంత సాధారణమైన, అత్యంత ప్రమాదకరమైన తప్పుల్లో ఒకటి. పిలకలు రోజూ ఒకేలా కారవు. నిన్న కారిన రక్తం ఈరోజు లేకపోవడం పిలక లేదనడానికి ఆధారం కాదు. అమెరికాలో 70 వేలకు పైగా పాజిటివ్ ఫలితాలను పరిశీలించిన 2017 అధ్యయనంలో, కొలొనోస్కోపీ పది నెలలకు మించి ఆలస్యమైనవారిలో క్యాన్సర్ ముప్పు, అది ముదిరి కనిపించే ముప్పు పెరిగాయి.

స్కోపు వెనక్కి వచ్చే నిమిషాలు

సీకమ్ చేరడం సగం పని. పిలకలను వెతికేది స్కోపును మెల్లగా వెనక్కి లాగుతున్నప్పుడు. పేగు లోపలి గోడ నున్నటి గొట్టం కాదు. మడతలు మడతలుగా ఉంటుంది, ప్రతి మడత వెనుక ఒక నీడ ఉంటుంది. జాగ్రత్తగల ఎండోస్కోపిస్టు స్కోపు మొనను వంచి మడతను నొక్కి దాని వెనుక చూస్తారు, నిలిచిన ద్రవాన్ని పీల్చేస్తారు, మసకగా ఉన్న చోట నీళ్లు కొట్టి కడుగుతారు. కుడివైపు పేగులో చదునుగా, అంచులు తెలియకుండా, పైన పసుపు జిగురు టోపీలా అంటుకుని ఉండే రంపపు అంచు పిలకలు ఉంటాయి. జిగురును కడిగితే కింద మేఘంలాంటి పాలిపోయిన పొర కనిపిస్తుంది. చూడటం నేర్చుకోని కంటికి అది మిగిలిపోయిన మలపు మరక. ఈ రకం పిలకలు వేరే జన్యుమార్గంలో క్యాన్సర్ అవుతాయి, కాబట్టి వాటిని గుర్తుపట్టడానికి వేల చిత్రాలు చూసి కంటికి అలవాటు చేసుకోవడం తప్ప దగ్గరిదారి లేదు.

2006లో వెలువడిన ఒక అధ్యయనం వెనక్కి లాగడానికి పట్టే సమయాన్ని కొలిచింది. సగటున ఆరు నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ తీసుకున్న వైద్యులు 28.3 శాతం మందిలో పిలకలను కనిపెడితే, అంతకన్నా తక్కువ తీసుకున్నవారు 11.8 శాతం మందిలోనే కనిపెట్టారు. అప్పటి నుంచి ఆరు నిమిషాలు ఒక కనీస ప్రమాణం అయ్యింది. గడియారం చూస్తూ ఆరు నిమిషాలు గడిపేస్తే సరిపోదని, ఆ నిమిషాల్లో ఏం చూస్తున్నారన్నదే ముఖ్యమని తర్వాత అర్థమైంది. అందుకే కొలమానంగా నిలబడింది అడెనోమా గుర్తింపు రేటు, అంటే ఒక వైద్యుడు చేసిన స్క్రీనింగ్ కొలొనోస్కోపీల్లో ఎన్ని శాతంలో కనీసం ఒక అడెనోమా దొరికింది అన్నది. 2014లో 136 మంది నిపుణులు చేసిన 3 లక్షలకు పైగా పరీక్షలను విశ్లేషిస్తే ఈ రేటు ఒకరిలో 7.4 శాతం, మరొకరిలో 52.5 శాతం దాకా తేడాగా ఉంది. ఆ రేటు ఒక్క శాతం పెరిగితే, పరీక్ష బాగుందని చెప్పిన తర్వాతి కాలంలో వచ్చే క్యాన్సర్ ముప్పు 3 శాతం తగ్గింది. రోగికి ఈ సంగతి తెలియదు. తనను ఏ చివర ఉన్న వైద్యుడు పరీక్షించాడో కూడా తెలియదు.

ఈ రేటును పెంచవచ్చా? పోలండ్‌లో స్క్రీనింగ్ కేంద్రాల మధ్య జరిగిన యాదృచ్ఛిక ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. గుర్తింపు రేటు తక్కువగా ఉన్న కేంద్రాల్లో సగం కేంద్రాల అధిపతులకు చేతిపనితో పాటు బృందాన్ని ఎలా అంచనా వేయాలి, ఎలా నేర్పాలి, నాణ్యతను ఎలా నడిపించాలి అన్నది నేర్పారు. మిగతావారికి అంకెలు మాత్రం తెలియజేశారు. శిక్షణ పొందిన కేంద్రాల్లో రేటు ఎక్కువ పెరిగింది. ఒక్కరికి నేర్పితే ఆ కేంద్రం మొత్తానికి అందిందన్నమాట. నాయకత్వం అనే మాట ఇక్కడ అలంకారం కాదు.

ఎండోస్కోపీ నర్సును ఈ గదిలో మరచిపోవడం మామూలే, కానీ సగం ఫలితం వారి చేతుల్లోనే ఉంటుంది. పేగు శుభ్రం కాకపోతే ఎంత మంచి కన్నయినా ఏమీ చూడలేదు. విరేచన మందును మొత్తం ముందురోజు సాయంత్రమే తాగించకుండా సగం రాత్రి, సగం పరీక్ష ఉదయం తాగిస్తే శుభ్రత మెరుగవుతుంది. ఉదయం నాలుగు గంటలకు లేచి మళ్లీ తాగాలంటే రోగి ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన మనిషి ఫోన్లో ఉండాలి. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఇలా రోగిని ఆరంభం నుంచి చివరిదాకా చేయిపట్టి నడిపించే నర్సులను పెట్టారు. 2001లో 57 శాతం ఉన్న స్క్రీనింగ్ 2009కి 74 శాతానికి చేరింది. నల్లజాతి ప్రజల్లో 48 నుంచి అదే 74కు చేరి, తెల్లజాతివారితో ఉన్న తేడా మాయమైంది. ఈ పద్ధతికి మూలం 1990లో న్యూయార్క్‌లోని హార్లెంలో శస్త్రచికిత్సకుడు హెరాల్డ్ ఫ్రీమన్ రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం మొదలుపెట్టిన ప్రయత్నం. ఈ నడిపించేవారికి వైద్య పరిజ్ఞానం కొంతే చాలు. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితం ఎక్కడ ఆగిపోతుంది, రోగిని పరీక్ష తర్వాత ఇంటికి ఎవరు తీసుకెళతారు అన్నది మాత్రం క్షుణ్నంగా తెలియాలి.

చికిత్స ముగిసిన మర్నాడు

శిక్షణ అత్యంత బలహీనంగా ఉన్నది ఇక్కడే. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ (నేటి జాతీయ వైద్య అకాడమీ) 2005లో చికిత్స అనంతర సంరక్షణ మీద ఇచ్చిన నివేదిక, చికిత్స ముగిశాక రోగులు దారితప్పిపోతున్నారని చెప్పింది. క్యాన్సర్ నిపుణుడు కుటుంబ వైద్యుడు చూసుకుంటాడనుకుంటాడు, కుటుంబ వైద్యుడు నిపుణుడు చూస్తున్నాడనుకుంటాడు, రోగి ఇద్దరి మధ్యా ఉంటాడు. తిరగబెట్టే క్యాన్సర్లలో అత్యధికం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి కాబట్టి ఆ కాలంలో క్యాన్సర్ తిరగబెట్టే సూచనను పట్టుకునే సీఈఏ రక్తపరీక్ష కొన్ని నెలలకోసారి, స్కాన్లు నిర్ణీత వ్యవధిలో, శస్త్రచికిత్స అయిన ఏడాదికి కొలొనోస్కోపీ అన్నది సాధారణ క్రమం. ఈ పట్టికను ఎవరైనా కంఠతా పట్టగలరు. కష్టం పట్టికలో లేని విషయాల్లో ఉంది.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు నరాలను దెబ్బతీస్తుంది. మందు ఇస్తున్నప్పుడు చల్లని గ్లాసు పట్టుకుంటే వేళ్లలో కరెంటు కొట్టినట్టు ఉండటం రోగులకు ముందే చెబుతారు. మందు ఆపిన తర్వాత కూడా రెండు మూడు నెలల పాటు తిమ్మిర్లు పెరుగుతూ పోవచ్చన్న సంగతి మాత్రం తరచుగా చెప్పరు. చికిత్స అయిపోయిందని సంతోషించిన మనిషి నెల తర్వాత చొక్కా గుండీ పెట్టుకోలేక, గుండీ వేళ్ల మధ్య ఉందో జారిందో తెలియక అద్దం ముందు నిలబడి, జబ్బు తిరగబెట్టిందేమోనని భయపడతాడు. అతను ముందుగా వెళ్లేది కుటుంబ వైద్యుడి దగ్గరికి. ఇది మందు ప్రభావమని, పెరిగి తర్వాత చాలామందిలో తగ్గుతుందని, కాళ్లకు స్పర్శ తగ్గింది కాబట్టి పడిపోకుండా, కాలకుండా చూసుకోవాలని, నొప్పి ఎక్కువైతే డ్యులాక్సెటిన్ అనే మందు పనిచేయవచ్చని ఆ వైద్యుడికి తెలిసి ఉండాలి.

పురీషనాళ శస్త్రచికిత్స చేయించుకున్నవారి బాధ మరో రకం. మలాన్ని నిలిపి ఉంచే సంచిలాంటి భాగమే పోవడంతో కొందరికి గంటలో నాలుగైదుసార్లు వెళ్లవలసి వస్తుంది, ఆపుకోలేరు, బయటికి వెళ్లే ముందు దారిలో మరుగుదొడ్లు ఎక్కడున్నాయో లెక్కవేసుకుంటారు. దీన్ని కొలవడానికి 2012లో డెన్మార్క్ పరిశోధకులు ఐదు ప్రశ్నల కొలబద్దను తయారుచేశారు. 42కు 30 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సమస్య తీవ్రమని అర్థం. ఐదు ప్రశ్నలు అడగడానికి మూడు నిమిషాలు చాలు. కానీ వైద్యుడు "విరేచనం ఎలా ఉంది?" అంటే రోగి "బాగానే ఉంది" అంటాడు, ఎందుకంటే ప్రాణం దక్కింది కదా, ఇంకేం ఫిర్యాదు చేస్తామన్న మొహమాటం. శస్త్రచికిత్సలో కటి నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే లైంగిక సమస్యల గురించి అయితే ఇద్దరూ మాట్లాడరు. ప్రశ్నను వైద్యుడే ముందుగా, మామూలు గొంతుతో, నిర్దిష్టంగా అడగాలన్నది నేర్పదగిన, నేర్పవలసిన నైపుణ్యం.

2025లో వెలువడిన ఒక ప్రయోగం ఈ భాగానికి కొత్త బలం ఇచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమో పూర్తయిన 889 మందిని రెండు గుంపులుగా చేసి, ఒకరికి ఆరోగ్యకరమైన అలవాట్ల పుస్తకం ఇచ్చారు. రెండో గుంపుకు మూడేళ్ల పాటు శిక్షణ పొందిన వ్యాయామ సలహాదారు తోడుగా నిలిచారు. ఎనిమిదేళ్ల నాటికి జీవించి ఉన్నవారు మొదటి గుంపులో 83.2 శాతం, రెండో గుంపులో 90.3 శాతం. పుస్తకం పొందినవారికీ వ్యాయామం మంచిదని తెలుసు. రెండో గుంపుకు అదనంగా దక్కింది వెంటబడి చేయించే ఒక మనిషి.

ఎలా నేర్పాలి, ఎలా కొలవాలి

ఉపన్యాసాలు విని వెళ్లినవారి ఆచరణ పెద్దగా మారదన్నది వైద్యవిద్య పరిశోధనల్లో చాలాకాలంగా తేలిన సంగతి. ఎవరి పనితీరు అంకెలను వారికే చూపించే పద్ధతి మీద 140 అధ్యయనాలను కూర్చిన 2012 సమీక్షలో, ఆచరణలో మెరుగుదల మధ్యస్థంగా 4.3 శాతం ఉంది. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ మొదట్లో వెనుకబడినవారిలో, అంకెలు సహోద్యోగి లేదా పైఅధికారి నోట ఒకటికి రెండుసార్లు వచ్చినప్పుడు, స్పష్టమైన లక్ష్యం జత అయినప్పుడు ఫలితం పెరిగింది. దూరాన ఉన్న వైద్యులను నిపుణులతో వారం వారం వీడియోలో కలిపి, అసలు రోగుల కేసులనే చర్చించే పద్ధతిని 2003లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో సంజీవ్ అరోరా హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టారు. అక్కడి నిపుణుల దగ్గర 57.5 శాతం నయమైతే, ఆ శిక్షణ పొందిన ప్రాథమిక వైద్యుల దగ్గర 58.2 శాతం నయమైంది. అదే నమూనాను ఇప్పుడు క్యాన్సర్ స్క్రీనింగ్‌కు, చికిత్స అనంతర సంరక్షణకు కూడా వాడుతున్నారు. దీనిలో నాకు నచ్చే గుణం ఒకటుంది: ఒకే కేసు మీద కుటుంబ వైద్యుడు, ఎండోస్కోపిస్టు, స్టోమా నర్సు ఒకేసారి మాట్లాడతారు, కాబట్టి అతుకులు వాటంతటవే బయటపడతాయి.

శిక్షణ ఫలించిందా అని తెలుసుకోవడానికి "కార్యక్రమం నచ్చిందా?" అన్న పత్రం ఎందుకూ పనికిరాదు. పాజిటివ్ ఫిట్ వచ్చినవారిలో ఎందరికి మూడు నెలల్లో కొలొనోస్కోపీ అయ్యింది, అయినవాటిలో ఎన్నింట్లో పేగు శుభ్రంగా ఉంది, ఒక్కో వైద్యుడి అడెనోమా రేటు ఎంత, చికిత్స ముగించినవారిలో ఎందరి చేతికి రాతపూర్వక సారాంశం అందింది అన్నవి కొలవదగినవి. వీటిలో ఒక అంకె ఎవరి ఖాతాలోదో తేల్చుకోలేక రెండు విభాగాలు వాదించుకుంటే, తర్వాతి శిక్షణ ఎక్కడ జరగాలో అక్కడే తెలిసిపోతుంది.

ఆ చికిత్స సారాంశంలోనే, చాలాచోట్ల ఖాళీగా ఉండిపోయే ఒక గడి ఉంది: కుటుంబ సభ్యులు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 3 శాతం లించ్ సిండ్రోమ్ అనే వారసత్వ లోపం వల్ల వస్తాయి, అందుకే ఇప్పుడు ప్రతి గడ్డనూ, ఆ లోపం ఉన్నప్పుడు దెబ్బతినే నాలుగు డీఎన్ఏ మరమ్మతు ప్రోటీన్ల కోసం పరీక్షించమంటున్నారు. పాథాలజిస్టు రాసిన ఆ ఒక్క వాక్యం శస్త్రచికిత్సకుడి ఫైలులో ఆగిపోతే రోగి చెల్లెలికి చేరదు. లించ్ లేకపోయినా, అన్నకు 44వ ఏట వచ్చిందంటే చెల్లెలి పరీక్ష 40 ఏళ్లకు లేదా ఆ వయసుకు పదేళ్లు ముందు, రెండింట్లో ఏది ముందైతే అప్పుడు, అంటే 34 ఏళ్లకే మొదలు కావాలన్నది అమెరికా వంటి దేశాల్లో అమల్లో ఉన్న సూచన. ఆమెకు ఆ మాట చెప్పే బాధ్యత ఎవరిదో, ఎప్పటిలోగా చెప్పాలో, చెప్పినట్టు ఎక్కడ నమోదు చేయాలో ఆ గడిలో పేరుతో సహా రాయించే శిక్షణ ఇచ్చినచోట, మొదటి గదిలోకి తర్వాత అడుగుపెట్టేది ఆమే.